ఉత్తరపు గోడ మీద ఇరవై ఏడు గీతలు

మా మ్యూజియంలో ఉత్తరపు నడవా గోడ ఏడుస్తుందని ఊరంతటికీ తెలుసు. ఎందుకు తెలుసంటే, చెప్పింది నేనే కనుక. పదహారేళ్లుగా ఇక్కడ గైడుని. పెద్ద గదుల్లో గొంతు తగ్గించి, మెట్ల దగ్గర పెంచి, ఆ నడవా మలుపు తిరగగానే పూర్తిగా ఆపేసి, మనసులో మూడు లెక్కపెట్టి అప్పుడు మొదలుపెడతాను: "ఇదిగో, ఈ గోడ వెనకాలే చిన్న రాణిని..." అంతే. ఆ తర్వాత ఎవరి రుమాలు వాళ్లదే. ఒకసారి ఆరడుగుల పోలీసాయన నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు, చొక్కా పిండి ఆరేసుకోవలసి వచ్చింది. ఇంకోసారి విడాకుల కోసం వకీలు దగ్గరికి వెళ్తున్న భార్యాభర్తలు కాలక్షేపానికి లోపలికి వచ్చి, కథ విని, చేయీ చేయీ పట్టుకుని ఇంటికి వెళ్లిపోయారు. వకీలు వచ్చి నాతో పోట్లాడాడు.

రాణీ లేదు, పాడూ లేదు. ఆ గోడకు చెమ్మ ఎక్కేది. వానాకాలంలో తడి అడుగు నుంచి పైకి పాకేది. దాని అంచున ఉప్పు పూసి, పొద్దుటి వెలుతురులో కన్నీటి చారల్లా మెరిసేది. అంత సరుకు కళ్ల ముందుంటే వదులుకోవడానికి నాకేమైనా మతి పోయిందా?

ఆ గోడ సంగతి అసలు తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పేవాడు కాదు. ఇది ఆయన కథ. ఇందులో రాణి రాదు. ఆమె కోసం కూర్చున్నవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు.

ఆయన సున్నం మేస్త్రీ. భవనం మొత్తానికీ వెల్ల వేసే పని ఆయనది. వెనకవైపు పంపు గది పక్కన మూడు తొట్లుంటాయి. అందులో సున్నం నెలల తరబడి నానుతుంది. దాన్ని బట్టలో వడగట్టి, మళ్లీ నానబెట్టి, మళ్లీ వడగడతాడు. ఆయన వేసిన వెల్ల మీద ఈగ వాలితే జారిపడుతుందని నేను సందర్శకులకు చెబుతుంటాను. అబద్ధమేమో గానీ, ఒకరోజు పనిగట్టుకుని చూశాను, ఈగ అయితే వాలలేదు.

మాట మాత్రం లేదు. ఏడాది పొడుగునా ఆయన నాతో అన్న మాటలు లెక్కపెడితే నాలుగు తేలాయి. అందులో రెండు "తప్పుకో". సున్నం పొంగేటప్పుడు చిందుతుంది, నోరు తెరిచి ఉంటే నాలుక పోతుంది, అందుకని నోరు మూసుకుని పని చేయడం చిన్నప్పుడే నేర్పారట. నేర్పినవాళ్లు, పని అయ్యాక తెరవమని చెప్పడం మర్చిపోయినట్టున్నారు.

ఆ లోటంతా పిన్ని తీర్చేది. పిన్ని అంటే ఆయన భార్య. ఆయన్ని నేను బాబాయ్ అంటాను గనుక ఆవిడ నాకు పిన్ని. పొట్టి మనిషి, గాజుల చప్పుడు ముందొచ్చి మనిషి వెనకొచ్చేది. ఆవిడ వడగట్టేది, ఆయన వేసేవాడు. వెల్ల అయిన రోజు నడవా మొగలో నిలబడి, పోయేవాళ్లనీ వచ్చేవాళ్లనీ ఆపి "బాగుందా?" అని అడిగేది. నన్ను అడిగితే, "పిన్నీ, ఈ గోడ చూసి నిన్న చంద్రుడు సెలవు చీటీ రాసిచ్చి పోయాడు" అనేవాణ్ణి. "నీ నోరు పడ! కోతల్రాయుడివి" అని నవ్వేది. కానీ మళ్లీ ఏడు మళ్లీ నన్నే అడిగేది. నా కోతలు వినడానికి అడుగుతుందనుకునేవాణ్ణి.

ఆవిడ పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. ఇప్పుడు ఆయన ఆ పంపు గది పక్క గదిలో ఒక్కడే ఉంటాడు. ఒక మంచం, ఒక స్టూలు. రెండో స్టూలు బోర్లించి గూట్లో పెట్టి ఉంటుంది. మధ్యాహ్నం తొట్టి గట్టు మీద కూర్చుని, సున్నం వైపు చూస్తూ తింటాడు. వెల్ల మొదలుపెట్టే ముందు రోజు రెండు కుంచెలు నానబెడతాడు. ఒక దానితో పని చేస్తాడు. సాయంత్రం రెండూ కడిగి ఆరేస్తాడు. ఎందుకని ఒకసారి అడిగాను. "తప్పుకో" అన్నాడు.

ఇక గోడ సంగతి. మా భవనానికి ఏటా తనిఖీ ఉంటుంది. వానలు వెళ్లాక అధికారులు వస్తారు. వాళ్లు వచ్చే వారం ముందు వెల్ల వేయించడం ఇక్కడి ఆనవాయితీ. అతిథులు వస్తున్నారంటే ఇల్లు ఊడవమా, అలాగన్నమాట. చెమ్మ ఎక్కిన గోడ తెల్లగా మెరిసిపోతుండగా అధికారులు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చూసి, "గోడ పరిస్థితి: బాగుంది" అని రాసి వెళ్లేవారు. ఇరవై ఏడేళ్లు ఇలాగే జరిగింది. జబ్బు మనిషికి పౌడరు రాసి డాక్టరుకి చూపించినట్టు.

ఈ ఏడు వేసవిలో ఇంజనీరు సారు ఒక కాగితం పెట్టాడు. మేస్త్రీ ఈ ఏటితో పదవీ విరమణ, ఆయన తర్వాత సున్నం పని తెలిసినవాళ్లు దొరకరు, కాబట్టి ఉత్తరపు గోడకు నిలువెత్తు సిమెంటు పూసి పైన రంగు వేసేస్తే ఏటేటా వెల్ల బాధ ఉండదని. మ్యూజియం పెద్దసారు సంతకం పెట్టేశాడు. సోమవారం పని మొదలు.

ఆ మాట విని మేస్త్రీ చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, పెద్దసారు గదికి వెళ్లాడు. ఆయన ఆ గదిలోకి వెల్ల వేయడానికి కాకుండా వెళ్లడం అదే మొదటిసారి. నేను సందర్శకుల పుస్తకం ఇవ్వడానికి వెళ్లినట్టు నటిస్తూ గుమ్మంలో నిలబడ్డాను.

"సిమెంటు వద్దు సార్."

"అబ్బో! మేస్త్రీకి మాటలొచ్చే! ఎందుకు వద్దయ్యా?"

"గోడకి ఊపిరాడదు సార్. లోపలి చెమ్మ ఇటు రాలేక అటు పోద్ది. అటు బొమ్మల గది."

బొమ్మల గది అంటే మా భవనానికి ప్రాణం. ఆ గోడకు అవతలి ముఖం మీద, నేల నుంచి కప్పు దాకా వేట చిత్రాలుంటాయి. గుర్రాలు, కుక్కలు, పారిపోయే జింకలు. రెండు వందల ఏళ్లనాటి రంగులు.

"చెమ్మ ఎక్కడుందయ్యా?" పెద్దసారు దస్త్రం తెరిచాడు. "ఇదిగో, బాగుంది. పోయినేడు, బాగుంది. అంతకు ముందేడు, చాలా బాగుంది."

"తనిఖీవాళ్లొచ్చే ముందు నేను వెల్ల వేస్తాను కదండీ. కనపడదు."

"కనపడనిది ఉందని నన్నెలా రాయమంటావు?" పెద్దసారు నవ్వాడు. "ఓహో, ఏడ్చే గోడా? పై ఆఫీసు వాళ్లు కూడా పోయిన నెల అడిగారు, గోడ నిజంగా ఏడుస్తుందా అని. మా గైడు కథలెండి అన్నాను. ఇప్పుడు నేను చెమ్మ అని రాస్తే నన్ను కూడా గైడు అనుకుంటారు."

మేస్త్రీ బయటికి వచ్చి నా ముందు ఆగాడు. ఆయన కళ్లలోకి అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. సున్నం కాటుకి కనురెప్పల అంచులు ఎర్రగా ఉన్నాయి.

"ఒరే కోతల్రాయుడా."

"ఏంటి బాబాయ్?"

"నీ రాణి నా గోడ నోరు నొక్కేసిందిరా."

జీవితంలో నన్ను చాలామంది చాలా అన్నారు. పదో తరగతిలో లెక్కల మేష్టారైతే మా వీధి దాకా వెంటబడి మరీ అన్నాడు, ఆ రోజే చదువుకో దండం పెట్టాను. అవేవీ తగల్లేదు. ఇది తగిలింది.

తొట్టి గట్టు మీద కూర్చుని ఆ మధ్యాహ్నం ఆయన నాకు గీతల సంగతి చెప్పాడు. మొదటి ఏడు వెల్ల వేయబోతుంటే పిన్ని ఆపిందట. "ఉండండి, తడి ఎంత దాకా వచ్చిందో గుర్తు పెడదాం. వచ్చే ఏడు చూద్దాం, పెరుగుద్దో తగ్గుద్దో." వడ్రంగి పెన్సిలు తెచ్చి, చెమ్మ అంచున అడ్డంగా గీత గీసి, పక్కన తారీఖు వేసింది. దాని మీద ఆయన వెల్ల వేశాడు. మరుసటి ఏడు జానెడు కుడికి జరిగి, ఇంకో గీత. ఆ పై ఏడు ఇంకో జానెడు. అలా ఆవిడ ఉన్న పద్దెనిమిదేళ్లూ పద్దెనిమిది గీతలు. ఆవిడ పోయాక తొమ్మిదేళ్లు ఆయనే గీశాడు. తారీఖులు మాత్రం లేవు, ఆయనకు చదవడం రాయడం రాదు. మొత్తం ఇరవై ఏడు గీతలు, ఒక్కోటి ఒక్కో వెల్ల కింద, ఎడమ నుంచి కుడికి, ఏడాదికేడాది పైకి ఎక్కుతూ ఆ గోడలో పడుకుని ఉన్నాయి.

"తూములు బాబూ," అన్నాడు. కప్పు అంచున వాన నీరు పోయే రాతి తూములు. "పాతకాలపు వానకి కట్టారు. సన్నంగా, రోజుల తరబడి కురిసే వానకి. ఇప్పుడు వాన అలా పడట్లేదు. పడితే ఒక్కసారే దిమ్మరిస్తది. తూము మింగలేక గోడ మీదికి కక్కుద్ది. ఆ నీళ్లన్నీ గోడ మొదట్లోకి పోతన్నాయి."

నా లెక్క ప్రకారం అది ఆయన నా దగ్గర చేసిన అతి పెద్ద ప్రసంగం.

"సరే బాబాయ్, రేపట్నించి రాణిని చంపేస్తా."

"ముందే చచ్చింది కదరా?"

"ఇప్పుడు పూర్తిగా చంపేస్తా."

మర్నాడు పన్నెండు మంది వచ్చారు. నడవా మలుపు తిరిగాను. ఆగాను. మూడు లెక్కపెట్టాను. "అమ్మా, అయ్యా, ఇది గోడ. దీనికి చెమ్మ ఎక్కుతుంది. ఎందుకంటే వానల తీరు మారింది, తూములు మారలేదు." ఒకాయన ఆవలించాడు. ఒకావిడ చాలా మర్యాదగా, "రాణి ఎప్పుడొస్తుంది నాయనా?" అంది. వెనక నుంచి ఎవరో, "మా బాత్‌రూం గోడా ఇంతే, టిక్కెట్టు పెడదామా?" అన్నారు. నా పదహారేళ్ల కీర్తి పావుగంటలో కొట్టుకుపోయింది. అబద్ధానికి కళ్లు తుడుచుకున్న జనం నిజానికి గడియారం చూసుకున్నారు.

"ఇలా కాదు బాబాయ్," అన్నాను సాయంత్రం. "గోడ గీకి గీతలు చూపించెయ్. ఒక్క పూట పని."

ఆయన కుంచె వెంట్రుకలు ఒక్కొక్కటే సరిచేస్తూ కూర్చున్నాడు. "ఊడొస్తే?" అన్నాడు.

"ఏది ఊడొస్తే?"

"ఆవిడ రాత."

అప్పుడు అర్థమైంది. పిన్ని ఉత్తరాలు రాసే మనిషి కాదు. ఫొటో ఒకటుంది గానీ అందులో సగం మొహం ఎవరిదో భుజం వెనక ఉంటుంది. ఆవిడ చేత్తో చేసినది ఈ లోకంలో మిగిలింది ఆ పద్దెనిమిది చోట్లే. వెల్ల కింద ఉన్నంత కాలం అవి ఉన్నట్టే. గీకితే పెన్సిలు గీత పెచ్చుతో పాటు ఊడి రాలిపోవచ్చు. ఆయన రోజూ ఆ నడవాలో నడిచేవాడు. గోడకి దగ్గరగా, చేయి తగిలీ తగలనట్టు. పని మీద వెళ్తున్నాడనుకునేవాళ్లం.

గీకకపోతే గోడ పోతుంది, గోడతో పాటు బొమ్మలూ పోతాయి. గీకితే ఆవిడ పోవచ్చు. సోమవారం ఎంతో దూరంలో లేదు.

శుక్రవారం మా హాల్లో సభ. ప్రధాన కార్యాలయం నుంచి ఒక మేడం వచ్చింది. వాతావరణం మారుతున్నప్పుడు పాత కట్టడాలను కాపాడుకోవడం ఎలా అని చెప్పడానికి ఊరూరా తిరుగుతోందట. కిటికీలన్నీ బిగించి ఏసీ ఎంత చల్లగా పెట్టారంటే, ముందు వరసలో వాళ్లు శాలువాలు కప్పుకుని భూమి వేడెక్కడం గురించి విన్నారు. ఆ హాలుకి కప్పు కింద గాలి గవాక్షాలు పద్నాలుగున్నాయి. వేసవిలో కూడా చల్లగా ఉండేదని పాతవాళ్లు అంటారు. ఏసీ పెట్టినప్పుడు వాటిని అట్టలతో మూసేశారు. నేను దీపాలు ఆర్పి వెలిగించే పని మీద వెనక నిలబడ్డాను. మేస్త్రీ నా పక్కన.

మేడం తెర మీద ఒక గీత చూపించింది. ఎడమ నుంచి కుడికి పాకుతూ పైకి ఎక్కే గీత. మేస్త్రీ మెడ చాచి చూశాడు.

"మన కట్టడాల్లో మనం ఏం చేయగలం?" అని అడిగింది మేడం.

పెద్దసారు నినాదాల పోటీ పెడదామన్నాడు. ఇంజనీరు మొక్కలు నాటుదామన్నాడు. ఇంకొకాయన పాట రాయిద్దామన్నాడు. మేడం వింటూ వింటూ కుర్చీలో కూర్చుండిపోయింది.

"నేనిది నలభై రెండు చోట్ల చెప్పానండీ," అంది. "అందరూ చప్పట్లు కొట్టారు. ఎక్కడా ఒక్క తూము కూడా వెడల్పు చేయలేదు. ఎలా చెబితే వినిపిస్తుందో మీరే చెప్పండి."

నా పక్కన ఒక చెయ్యి లేచింది. సున్నానికి పగిలిపోయి, తెల్లగా, చెక్కలా ఉన్న చెయ్యి.

పెద్దసారు చూసి, "ఆఁ మేస్త్రీ, టీలు వచ్చాయేమో చూడు," అన్నాడు.

చెయ్యి దిగింది. ఆయన తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. టీలు రాలేదు. కాసేపటికి మూసిన కిటికీల అవతల నుంచి గర్రు గర్రుమని చప్పుడు మొదలైంది. అందరూ ఎలుక అనుకున్నారు. నేను మాత్రం దీపాలు వెలిగించి, "మేడం, అది ఎలుక కాదు," అన్నాను. "ఏడ్చే గోడ కథ చెప్పింది నేనే, అది అబద్ధం. అసలుది చూడాలంటే ఇలా రండి." పెద్దసారు నా వైపు చూసిన చూపుకి సున్నం కూడా ఉడికేది.

నడవాలో మేస్త్రీ తాపీ పట్టుకుని కుడి చివర మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. కుడివైపు నుంచి మొదలుపెట్టాడు, తన గీతల వైపు నుంచి. ఒక పొర కింద పోయినేటి గీత. దాని పక్కన రెండు పొరల కింద అంతకు ముందేటిది. అరచేయంత మేర గీకి, ఎడమకు జరిగి, మళ్లీ గీకి. గంటన్నరలో తొమ్మిది గీతలు బయటపడ్డాయి. కుడి నుంచి ఎడమకు మెట్లు దిగినట్టు దిగుతూ.

మేడం వంగి గీతల్ని చూస్తోంది. ఇంజనీరే అన్నాడు. "తారీఖులేవి? ఇవి ఎవరైనా ఎప్పుడైనా గీయొచ్చు. నిన్న గీసి వెల్ల కొట్టి ఉండొచ్చు."

"తొమ్మిది పొరలు నిన్నెలా కొడతారండీ?" అన్నాను.

"నువ్వు ఊరుకో. నీ మాటకి విలువెంతో అందరికీ తెలుసు."

అదీ నిజమే.

మేస్త్రీ తాపీ కింద పెట్టాడు. పద్దెనిమిదో గీత ఎక్కడుందో ఆయన చేతికి తెలుసు. ఆ చోట అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు. సభవాళ్లు ఒక్కొక్కళ్లే భోజనానికి జారుకున్నారు. మేడం, ఇంజనీరు, పెద్దసారు, నేను మిగిలాం. మేడం నేల మీద చతికిలబడి కూర్చుంది.

ఎట్టకేలకు ఆయన తాపీ తీసుకుని గీకాడు. పెచ్చు ఊడింది. ఊడుతూ సగం రాత తీసుకుపోయింది. నేల మీద పడ్డ ముక్కని ఆయన ఏరుకుని, ఊది, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "వద్దులే బాబాయ్, ఆపెయ్," అన్నాను.

"చెంచా ఉందా?" అన్నాడు.

అప్పటికి వచ్చిన టీ పళ్లెంలోంచి చెంచా తెచ్చిచ్చాను. జానెడు ఎడమకు జరిగి, గుడ్డ తడిపి గోడకి అద్దాడు, పొర నాననిచ్చాడు. చెంచా అంచుతో పసిపిల్ల మూతి తుడిచినంత మెల్లగా తీశాడు. గుండ్రటి అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. ఆయన వెనక్కి వంగి చూశాడు. ఆయనకవి గీతలే, చదవలేడు.

"ఏముంది? తారీఖేనా?"

చూశాను. తారీఖు ఉంది. దాని పక్కన ఇంకా ఉంది. "తారీఖొక్కటే కాదు బాబాయ్."

"చదువు. ఉన్నదున్నట్టు చదువు. నీ సరుకు కలపకు."

"వాన పద్నాలుగు రోజులు. మోకాలి పైకి. తూము మూడుసార్లు పొంగింది."

మేడం పెన్ను తీసింది. మేస్త్రీ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. వాన రోజులు లెక్కపెట్టిందని ఆయనకీ తెలియదు. ఎప్పుడు లెక్కపెట్టిందో, ఎలా గుర్తుపెట్టుకుందో.

సాయంత్రం దాకా సాగింది. ఆయన తీయడం, నేను చదవడం, మేడం రాసుకోవడం. మధ్యలో ఇంకో రెండు ఊడిపోయాయి. అవీ జేబులోకే వెళ్లాయి. ఎడమకు పోయేకొద్దీ వాన రోజులు పెరిగాయి, చెమ్మ దిగింది. ఇరవై ఆరు రోజులు, పిక్క దాకా. ముప్ఫై మూడు రోజులు, పిక్క కిందికి. చిట్టచివర, ఇరవై ఏడు పొరల కింద, మొట్టమొదటిది: "వాన నలభై ఒక్క రోజు. చీలమండ దాకా. తూము పొంగలేదు."

"ఎవరి చీలమండ?" అని అడిగింది మేడం. కొలవాలి కదా మరి.

"ఆవిడదే," అన్నాడు మేస్త్రీ. గాల్లో తన భుజం కిందికి చెయ్యి పెట్టి చూపించాడు. "ఇంత మనిషి. ఇప్పుడుంటే నడుం దాకా వచ్చేది తడి."

మేడం లేచి నాలుగడుగులు వెనక్కి వేసింది. పొద్దున తెర మీద చూపించిన గీతే, గోడ మీద, ఇరవై ఏడు జానల పొడవున. ఇంజనీరు కూడా చూశాడు. ఆయన మంచివాడే, లెక్క వచ్చినవాడు. దస్త్రంలోంచి సిమెంటు కాగితం తీసి, పెద్దసారు చేతిలో పెట్టి, "దీన్ని ఆపేద్దాం సార్," అన్నాడు. తూములు కొలవడానికి అప్పుడే మేడ ఎక్కాడు. మేడం హాలు గవాక్షాల అట్టలు కూడా తీయించమంది, అది తర్వాతి మాట.

చదివేటప్పుడు ఒక్కచోట తప్పు చేశాను. పదమూడో గీత దగ్గర. తారీఖు, వాన రోజులు చదివి ఆపేశాను. "ఆగావేం?" అన్నాడు ఆయన. "అరిగిపోయింది బాబాయ్," అన్నాను. తలాడించి తర్వాతి దానికి జరిగాడు.

అందరూ వెళ్లాక ఆయన చెంచా కడిగి ఇచ్చాడు. నేను వెళ్లబోతుంటే, "ఒరే," అన్నాడు. "పదమూడోది అరగలేదు. తీసింది నేను. అక్షరాలు నాకు రాకపోవచ్చు, ఉన్నాయో లేవో తెలీదా?"

నా దగ్గర మాటలకు ఎప్పుడూ కరువు లేదు. ఆ నిమిషంలోనే మూడు తయారుగా ఉన్నాయి. ఆయన చల్లగా ఉండాలని రాసిందనొచ్చు. వచ్చే జన్మకీ నువ్వే అని రాసిందనొచ్చు. ఆయన పోల్చుకోలేడు. పోలీసాయన్ని ఏడిపించినవాణ్ణి, ఈయన్ని నవ్వించలేనా? నోటి దాకా వచ్చింది. కానీ మధ్యాహ్నం నుంచీ ఆ నోటితోనే ఉన్నదున్నట్టు చదివాను.

"వెల్ల అయిపోయింది," అని చదివాను. "బాగుందా అని అడిగాను. ఆయన పలకలేదు."

నడవాలో వెలుతురు తగ్గుతోంది. ఆయన గోడకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. జేబులో పెచ్చు ముక్కలు వేళ్లతో తడుముతున్న చప్పుడు వినిపించింది.

"ఏ ఏడది?"

"పదమూడోది. పద్నాలుగేళ్లయింది."

"ఆ ఏడు సున్నం బాగా నానింది," అన్నాడు. "బాగానే వచ్చింది వెల్ల."

తొట్ల వైపు వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ ఇరవై ఏడు జానలకీ అద్దం బిగించారు. ముట్టుకోరాదు అని బోర్డు. ఆ బోర్డు ఆయనకీ వర్తిస్తుంది. నడవాలో నడిచేటప్పుడు చెయ్యి తగలకుండా అద్దం అడ్డొస్తుంది. అద్దం మీద ఆయన చేతి జాడ ఉంటే పొద్దున్నే నేనే తుడుస్తాను, పెద్దసారు చూడకముందు. తూములు వెడల్పయ్యాయి. సందర్శకులు ఇంకా రాణి గురించి అడుగుతారు. నేను పొట్టి మనిషి గాజుల చప్పుడు నుంచి మొదలుపెడతాను. పోలీసులు ఏడవడం లేదు గానీ, ఆవలింతలు తగ్గాయి. వాన రోజులు లెక్కపెట్టే పని నాకు పడింది. ఈ ఏడు పదకొండు. ఒక్కటి కూడా కలపలేదు, ఒట్టు.

తనిఖీ ముందు ఆయన చివరి వెల్ల వేశాడు, అద్దం ఉన్నంత మేర వదిలి మిగతా నడవాకి. వేసే ముందు అద్దం కుడి అంచున కొత్త గీత గీసి నన్ను పిలిచాడు, నేను తారీఖు వేశాను. నా రాత చూసి, "ఆవిడది గుండ్రంగా ఉండేది," అన్నాడు. ఈసారి ఆ చోట వెల్ల వేయలేదు.

సాయంత్రం రెండు కుంచెలూ కడిగాడు. నడవా మొగలో వచ్చి నిలబడ్డాడు, పిన్ని నిలబడే చోట. ఆ వేళప్పుడు పోయేవాళ్లూ లేరు, వచ్చేవాళ్లూ లేరు. నేను టిక్కెట్ల కిటికీ మూస్తున్నాను.

"బాగుందా?" అన్నాడు.

అడిగింది నన్ను కాదు, నాకు తెలుసు. ఆయన అటు తిరిగి ఉన్నాడు. అయినా పలక్కుండా ఉండలేకపోయాను. చంద్రుడూ గుర్తు రాలేదు, సెలవు చీటీ గుర్తు రాలేదు.

"బాగుంది బాబాయ్," అన్నాను.